పొయ్యి లేని ఇంటి పళ్ళెం

ఉదయం ఐదున్నర. కొండ వైపు నుంచి చల్లగాలి, వాన లేదు.

ఇకుయో స్నానాలగదిలో పీట వేసుకుని బియ్యం కడిగింది. వంటగదిలో కొళాయి లేదు. కొళాయే కాదు, నేల కూడా లేదు. దూలాల మధ్య నుంచి నల్లమట్టి కనిపిస్తోంది. కడిగిన బియ్యాన్ని నడవాలో చెప్పుల అలమర మీద పెట్టిన కరెంటు కుక్కర్లో పోసి, మీట నొక్కి, గోడకి ఆనుకుని నిలబడింది.

అన్నం ఉడికాక కొడుకు గిన్నె తీసి నింపి మూత పెట్టింది. పళ్ళెంలో ఆ గిన్నె, పక్కన రెండు ముల్లంగి ఊరగాయ ముక్కలు, తినే పుల్లలు. సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టి, "కజుమా" అని పేరు పిలిచింది.

బట్టలు ఆరేసి వచ్చి మూత ఎత్తి చూసింది. అన్నం అన్నంలాగే ఉంది. వేడి అన్నం మీద పెట్టిన మూతే అయినా లోపల తడి లేదు.

ఇవాళ కూడా వెళ్ళలేదు.

ఉరాహమ రేవులో, సముద్రం మీద ఉన్న మగవాళ్ళకి ఇంట్లో ఆడవాళ్ళు పళ్ళెం పెడతారు. పెట్టిన కాసేపటికి గిన్నె ఖాళీ అవుతుంది, మూత కింద చెమట పడుతుంది. చేరిందన్నమాట. పడవ మీద వండుకున్నది వాళ్ళు ఎలాగూ తింటారు, కానీ అది తిన్నట్టు ఉండదంటారు. రేవులో దిగిన మగాడి మొదటి మాట ఇంటి వంట గురించే. మొన్న పులుసులో ఉప్పెక్కువైందనో, వరసగా ముల్లంగేనా అనో. పెళ్ళైన కొత్తలో ఇకుయో ఒకసారి అలిగి భర్తకి రోజంతా ఉట్టి గంజి పెట్టింది. యసుతాకా తిరిగొచ్చి, మాట్లాడకుండా అంట్లన్నీ తోమాడు.

పళ్ళెం అందనివాళ్ళ సంగతి కూడా ఊరికి తెలుసు. కడుపు నిండినా వాళ్ళకి ఒళ్ళు నిలవదు. నిద్ర పట్టదు. చేతిలో తాడు ఉందో జారిందో తెలియదు. ఏ పక్క ఒడ్డుందో కూడా మరిచిపోతారు. అందుకే ఏ ఇల్లాలూ పళ్ళెం మానదు, జ్వరమొచ్చినా లేచి పెడుతుంది.

కానీ వంటగదిలో వండింది తప్ప వెళ్ళదు. నడవాలో వండింది వెళ్ళలేదు. పెరట్లో కుంపటి మీద చేపలు కాల్చి పెట్టింది, అవీ వెళ్ళలేదు, పిల్లి తినేసింది.

"నేల, నీళ్ళు, నిప్పు. మూడూ ఒక్క గదిలో ఉంటేనే వంటగది" అంది పక్కింటి తొకీ అవ్వ. "నాలుగోది ఆడదాని విసుగు. అది నీ దగ్గర కావలసినంత ఉంది."

తొకీ అల్లుడు షిగెరు కూడా కజుమ ఉన్న పడవ మీదే పనిచేస్తాడు. అందుకని ఆవిడ జాలిపడి, తన వంటగదిలోనే కజుమ పేరు కూడా చెప్పి రెండో పళ్ళెం పెట్టింది. రెండూ వెళ్ళాయి. సాయంత్రం పడవ నుంచి షిగెరు ఫోను. అత్తా, డాక్టరు తిండి తగ్గించమన్నది నిన్నా, నన్నా, అని. ఒక పొయ్యి మీద వండింది ఇద్దరికి పెడితే ఎంత వండినా చెరి సగమే అందుతుంది. ఇకుయో సిగ్గుపడి, వద్దు అవ్వా, మీవాడికి మీరు పెట్టుకోండి అని మానిపించింది.

ఇదంతా సింకు కింద చెక్క పుచ్చిపోవడంతో మొదలైంది. ఏళ్ళ తరబడి గొట్టం కారుతోంది, ఎవరూ చూడలేదు. ఒకరోజు అంట్లు తోముతుంటే ఇకుయో కాలు మోకాలి దాకా నేలలోకి దిగిపోయింది. కాలికేం కాలేదు. నేల తీసి చూస్తే దూలాలు కూడా రొట్టెలా పొడిపొడిగా రాలుతున్నాయి. ఊళ్ళో ఉన్న ఒక్క వడ్రంగీ పట్నంలో పెద్ద కట్టడం పనికి పోయాడు, వసంతం దాకా రానన్నాడు.

మనమే చేసుకుందాం అన్నాడు యసుతాకా. తుంటి నొప్పితో పడవ మానేసి ఐసు ఫ్యాక్టరీలో చేరిన మనిషి. ఇన్నేళ్ళూ పడవలో విరిగిన ప్రతిదీ తనే బాగుచేసుకున్నానన్నాడు.

"ఇది పడవ కాదు" అంది ఇకుయో.

"పడవకంటే తేలిక. కదలదు."

అప్పుడు పడవ మరమ్మతులో ఉంది. కజుమ ఇంట్లోనే ఉన్నాడు. తండ్రీ కొడుకూ కలిసి ఒక్క రోజులో పాత వంటగదిని ఊడబీకి పెరట్లో పడేశారు. కొత్త వంటగది అట్టపెట్టెల్లో వచ్చింది. మర్నాడు సాయంత్రం ఆ పడవ నడిపే సరంగు గోరో వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. కానాగంత చేపల గుంపు ఈసారి ముందే వచ్చిందట, తెల్లవారి బయల్దేరుతున్నారట. పడవకి పని ఇంకా మిగిలుంది కదా అన్నాడు యసుతాకా. సరంగు ఏదో ఆలోచిస్తున్నట్టు పెరట్లో చెక్కల వైపు చూశాడు. బయల్దేరుతున్నాం, అని మళ్ళీ అదే మాట అన్నాడు. ఇకుయో వంటగది వైపు చెయ్యి చూపించి, నా కొడుక్కి పళ్ళెం ఎక్కడ వండను అని అడిగింది. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆమె తల వంచి సాగనంపలేదు.

పోయిన వసంతంలో సరంగు భార్య చనిపోయింది. అప్పటి నుంచీ ఆయన అలాగే ఉన్నాడని ఊళ్ళో అనుకునేవాళ్ళు.

పడవ వెళ్ళాక పనికి ఇద్దరే మిగిలారు. కొత్త దూలాలు పరిచారు. మీద పలకలు కొట్టారు. ఆ పలకల మీద యసుతాకా రసమట్టం పెట్టి, లేచి, మళ్ళీ పెట్టి చూశాడు. బుడగ మధ్యకి రాలేదు. ఇల్లే సముద్రం వైపు ఒరిగి ఉంది. అన్నేళ్ళు ఆ ఇంట్లో నడిచారు గానీ ఇద్దరికీ ఎప్పుడూ తెలియలేదు. నేల సరిచేస్తే గోడ వాలినట్టు కనిపించింది. గోడకి ఆనించి అలమర పెడితే పైన సందు, కింద సందు, మధ్యలో మాత్రం అంటుకుంది. అలమరల కొలతలు మిల్లీమీటర్లలో ఉన్నాయి. ఇల్లు కట్టిన తాతగారి కాలంలో కొలతలు వేరు. చివరి అలమర పట్టడానికి అరవేలి చోటు తక్కువైంది. యసుతాకా గోడ చెక్కాడు. చెక్కితే లోపలి మట్టి బస్తాడు రాలి, ఈసారి చోటు ఎక్కువైంది.

ఎంత చోటు ఎక్కువైందో ఇకుయో అడగలేదు. చెక్క ముక్క కోసి ఇచ్చింది. అతను దాన్ని సందులో కొట్టాడు.

పై అరలు బిగించబోతే మేకు గోడలోకి వెన్నలోకి దిగినట్టు దిగింది. వెనక కర్ర లేదు. ఎక్కడ ఉందో గోడంతా తట్టుకుంటూ వెతికారు. తొకీ అవ్వ కిటికీలోంచి తల పెట్టి, దెయ్యాన్ని పిలుస్తున్నారా అని అడిగింది. కొళాయి బిగిస్తే కారింది. విప్పి బిగిస్తే ఇంకా కారింది. కాగితంలో ఉన్న బొమ్మలు చూసి చేస్తున్నారు, బొమ్మలో మనిషి నవ్వుతూ ఉన్నాడు. మూడోసారి బిగించాక యసుతాకా సింకు కింద వెల్లకిలా పడుకుని గొట్టం వైపే చూస్తూ ఉండిపోయాడు. తుంటి నొప్పి వల్ల లేవలేకపోతున్నాడని ఇకుయోకి తర్వాత తెలిసింది. చెయ్యిచ్చి లేపింది. చుక్క పడలేదు.

నేల వచ్చింది. నీళ్ళు వచ్చాయి. ఇక నిప్పొకటే.

గ్యాసు పొయ్యి పైన చిమ్నీ గొట్టం బయటికి పోవాలి. కొండ వైపు గోడకి కన్నం పెట్టాలి. యసుతాకా తండ్రి వడ్రంగి. ఆయన ఉక్కు మూలమట్టం పెట్టెలో ఉంటే అతను దాన్ని తీసి, గొట్టం కొలత చూసుకుని, గోడ మీద గీసి, రంపంతో కోశాడు. శుభ్రంగా కోశాడు, గుండ్రంగా. గొట్టం పెట్టి చూస్తే చుట్టూ అరచెయ్యి పట్టేంత సందు.

ఆ మూలమట్టానికి రెండు వైపులా అంకెలుంటాయి. ముందు వైపు మామూలు అంకెలు. వెనక వైపువి దుంగల్లోంచి దూలాలు తీసేవాళ్ళ కోసం, అవి ఎడం ఎడంగా ఉంటాయి. చిన్నప్పుడు తండ్రి అతనికి చెప్పిన మొదటి సంగతి అదే. మసక వెలుతురులో వెనక వైపు పెట్టి గీశాడు.

గ్యాసు బిగించడానికి వచ్చిన ఇనడ అగ్గిపుల్ల గీసి కన్నం ముందు పట్టాడు. కొండ గాలికి టక్కున ఆరిపోయింది. ఇంకొకటి గీశాడు. అదీ ఆరింది.

"వదినా, ఇది మూసి, చిమ్నీ తిరిగితేగానీ నేను సిలిండరు తెరవను" అన్నాడు. "మంట ఆరి గ్యాసు నిండితే మీరు ఉండరు. తర్వాత నేనూ ఉండను, మా ఆవిడ చంపేస్తుంది."

అతను చెప్పింది నిజమే. ఇకుయో టీ ఇచ్చి పంపింది. నడవాలో కాచిన టీ.

మర్నాడు గాలి మారింది. సముద్రం వైపు నుంచి కొట్టడం మొదలుపెట్టింది. తెల్లవారేసరికి రేవు లౌడుస్పీకరు పడవలన్నిటినీ వెనక్కి రమ్మంటోంది. ఒక్కొక్కటే వచ్చి కట్టుకున్నాయి. గోరో పడవ రాలేదు. అందులో ఐదుగురు. సరంగు, షిగెరు, పై వీధి అన్నదమ్ములిద్దరు, కజుమ.

ఇకుయో జాలర్ల సంఘం ఆఫీసుకి వెళ్ళింది. తెల్లవారుజామున ఇంజను ఆగిందని చెప్పారట, ఆ తర్వాత రేడియో పలకడం లేదట. గాలి తగ్గితేగానీ కాపాడే ఓడ బయల్దేరదు. ఇంట్లో ఉండండి, తెలిస్తే కబురు చేస్తాం అంది బల్ల దగ్గరి అమ్మాయి. ఆ అమ్మాయి చేతులు పలకని రేడియో మీటని తిప్పుతూనే ఉన్నాయి. ఇకుయో ఆ చేతుల మీద తన చెయ్యి ఒకసారి పెట్టి వచ్చేసింది.

ఇంట్లో యసుతాకా కన్నం ముందు నిలబడి సందులో మైనం కుక్కుతున్నాడు. కుక్కినదంతా ఊడి బయటికి పోతోంది.

"టేపుతో కొలవాల్సింది" అన్నాడు, వెనక్కి తిరగకుండా.

ఆమె వచ్చి కొత్త వంటగట్టుకి ఆనుకుని నిలబడింది. గట్టు మీద రంపపు పొట్టు ఇంకా తుడవలేదు. చూస్తుండగా ఆ పొట్టు సన్నగా లేచి, తీగలా సాగి, కన్నంలోంచి బయటికి వెళ్ళిపోయింది. వెనకే ఇంకొంచెం లేచింది.

ఇకుయో పెరట్లోకి వెళ్ళి కుంపటి తెచ్చింది. సరిగ్గా కన్నం కింద, పొయ్యి ఉండాల్సిన చోట, ఇటుకలు పేర్చి వాటి మీద పెట్టింది.

"బొగ్గుల పొగ. అన్నీ మూసిన ఇంట్లో" అన్నాడు యసుతాకా. "చస్తాం."

"గాలి మారింది. చూడు."

అతను పొట్టు వైపు చూశాడు. అరచెయ్యి కన్నం దగ్గర పెట్టి చూశాడు. వెళ్ళి నడవా తలుపు జానెడు తెరిచి, కదలకుండా చెప్పు అడ్డం పెట్టాడు. బొగ్గులు అంటుకున్నాయి. పొగ వంగి, కన్నం వెతుక్కుని, మొత్తం బయటికి పోయింది.

తొకీ అవ్వ తడిసి వచ్చింది. తన పళ్ళెం వెళ్ళిందని చెప్పింది. అంటే షిగెరు ఉన్నాడు. అంటే పడవ నీటి మీదే ఉంది. అంతవరకూ చెప్పి, కొత్త నేల మీద చతికిలబడింది.

ఇకుయో కొళాయి తిప్పి ఆ నీళ్ళతో బియ్యం కడిగింది. ఇంట్లో ఒక్క కానాగంతే మిగిలింది. అల్లం వేసి, మిసో అనే సోయా ముద్దలో ఉడికించింది. కజుమ గిన్నెలో అన్నం పెట్టింది. చేపని గరిటెతో ఎత్తి, ఆగిపోయింది.

"సరంగుకి ఎవరు పెడుతున్నారు?"

తొకీ అవ్వ తడిసిన జుట్టు పిండుకుంది.

"ఆవిడ పోయిన కొత్తలో పై వీధి వాళ్ళు పెట్టారు" అంది. "తర్వాత ఎవరో ఒకరు పెడుతున్నారనుకున్నాను."

"నేనూ అనుకున్నాను."

అనుకోవడం కాదు, అసలు తలుచుకోలేదు. వసంతం పోయి, వేసవి పోయి, చలి మొదలైంది. ఇన్నాళ్ళూ ఆ మనిషి సముద్రం మీద ఏమీ అందకుండా తిరిగాడు. మరమ్మతు ముగియని పడవ తీసుకుని తొందరపడి వెళ్ళాడని తను తిట్టుకుంది. ఆ సాయంత్రం గుమ్మం బయట నిలబడి ఏదో మరిచిపోయినవాడిలా చూశాడు. ఒడ్డున ఆయనకి ఉండబుద్ధి కాలేదేమో. సముద్రం మీద మాత్రం ఏముందని.

ఇకుయో అతిథుల గిన్నె తీసింది. తొకీ అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పిచ్చిపని చెయ్యకు. రెండు పెడితే చెరి సగం. నీ కొడుక్కి ఇన్నాళ్ళకి వెళ్ళే పళ్ళెం ఇది. అదీ ఇవాళ."

"తెలుసు అవ్వా."

"ఆ సగం కోసం వాడి చెయ్యి జారితే?"

ఇకుయో భర్త వైపు చూసింది. వద్దంటాడేమో అని చూసింది. వద్దంటే బాగుండును అని కూడా అనిపించింది. అతను కుంపటి ముందు కూర్చుని బొగ్గులు సర్దుతున్నాడు. చాలాసేపు సర్దాడు.

"చుక్కాని దగ్గర ఉండేది గోరో" అన్నాడు చివరికి. "ఇంజను సంగతి తెలిసిందీ ఆయనకే. కజుమ ఎంత తిన్నా తాడే లాగగలడు."

ఆమె చేపని మధ్యకి కోసింది. కొడుకు వైపు ముక్క కాస్త పెద్దది తెగింది. కత్తితో ఆ కాస్తా తీసి రెండో గిన్నెలో వేసింది. రెండు పళ్ళేలూ కిటికీ దగ్గర పెట్టింది. "కజుమా" అంది. రెండో పేరు వెంటనే రాలేదు. రెండో పళ్ళేన్ని కాస్త ముందుకు జరిపి, "గోరో గారూ" అంది.

కజుమ గిన్నె మూత మీద చెయ్యి తీయకముందే లోపల చెమట పట్టింది. తీసి చూస్తే మెతుకు లేదు. కడిగినట్టుంది. ఆకలి మీద ఉన్నాడు. అందులో సగం తనే తీసేసింది. ఇకుయో మూత మళ్ళీ పెట్టేసింది.

సరంగు గిన్నె అలాగే ఉంది.

ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. గాలి ఇంటిని తోస్తోంది. చెయ్యడానికి ఏమీ లేదు. ఇవాళ వంటగది పని కూడా లేదు. బొగ్గు వెయ్యడం, మూత ఎత్తి చూడడం, పెట్టెయ్యడం. మూత ఎత్తిన ప్రతిసారీ ఇకుయోకి ఒకటే ఆలోచన. అందని మనిషికి పెట్టిందేమో, కొడుకు సగం గాలికి పోయిందేమో.

తొకీ అవ్వ మాట్లాడకుండా ఉండలేక అలమరల వైపు చూసింది.

"ఆ తలుపు తలకిందులుగా ఉంది."

"తెలుసు" అన్నాడు యసుతాకా.

"పక్కది కూడా."

"అదీ తెలుసు."

మళ్ళీ మూత తీసినప్పుడు అన్నంలో ఒక మూల చిన్న గుంట కనిపించింది. ఆ తర్వాత గుంట పెద్దదైంది. ఆయన ముందు ఉట్టి అన్నం తిన్నాడు. చాలా మెల్లగా, అలవాటు తప్పిన మనిషి తిన్నట్టు. తర్వాత చేప. ముల్లు మాత్రం శుభ్రంగా గిన్నె అంచున మిగిలింది. మూత లోపల నుంచి నీళ్ళు కారి ఇకుయో మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి దిగాయి. ఆమె తుడుచుకోలేదు.

సాయంత్రానికి ముందు, వాన కొంచెం పలచబడ్డాక, రేవు లౌడుస్పీకరు పడవ పేరు చదివింది. ఆ పేరు తప్ప ఇంకేమీ చెప్పలేదు. ముగ్గురూ గొడుగుల్లేకుండా వెళ్ళారు. అప్పటికే పై వీధి ఆడవాళ్ళు గట్టు మీద ఉన్నారు.

పడవ అలల్ని ఆపే రేవు గోడ దాటి లోపలికి వచ్చింది. ఇంజను దగ్గుతోంది, ఆగుతోంది, మళ్ళీ దగ్గుతోంది. ముందు కిటికీ అద్దం లేదు. పక్క కమ్మీలు వంగిపోయాయి. తాడు విసిరి కట్టే లోపే షిగెరు అత్తకి చెప్పేస్తున్నాడు. ఇంజను ఆగగానే సరంగు చుక్కాని వదిలేసి నేల మీద కూర్చుండిపోయాడట. పిలిచినా పలకలేదట. అందరూ ఇక ఇంతే అనుకున్నారట. అప్పుడు ఉన్నట్టుండి తల ఎత్తి, ఇంత అల్లం ఎవరు వేశారు అని అడిగాడట. అడిగి లేచి, కింద ఇంజను గదిలోకి వెళ్ళాడట.

తొకీ అవ్వ ఇకుయో వైపు చూసింది. ఇకుయో ఆవిడ వైపు చూడలేదు. పడవ అంచునే చూస్తోంది.

పై వీధి అన్నదమ్ములు ముందు దిగారు. ఒకటి. రెండు. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు, పెద్దవాడు దిగుతూనే వాంతి చేసుకున్నాడు. షిగెరు మూడు.

కజుమ నాలుగు. కుడి చేతికి గుడ్డ చుట్టి ఉంది. చివర రెండు వేళ్ళ చోట గుడ్డ నల్లబడి, చదునుగా ఉంది. తాడు జారిందని అతను తండ్రికి చెప్పాడు, పట్టు నిలవలేదన్నాడు. యసుతాకా కొడుకు భుజం పట్టుకుని నిలబడ్డాడు. కజుమ తల్లి దగ్గరికి వచ్చి, "అమ్మా" అని ఎడమ చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి ఆమె కళ్ళ ముందే ఉంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. చూపు పడవ మీదే ఉంది.

సరంగు ఇంజను ఆపాడు. గది తలుపు వేశాడు. వంగిన కమ్మీ పట్టుకుని, ముసలివాడిలా ఒక కాలు బయటికి పెట్టి, ఆగి, రెండో కాలు తెచ్చుకున్నాడు. ఆ రెండో కాలు గట్టు మీద ఆనేదాకా ఆమె చూసింది.

"ఐదు" అంది ఇకుయో.

అప్పుడు కొడుకు చెయ్యి పట్టుకుంది.